ఆకాశమున దిరుగు గద్దలను గుర్తించు విధము

"గద్ద! గద్ద!" అని యొక కేక వినబడినతోడనే పల్లెలో మూడు పనులు ఒక్కసారిగా జరుగును. తల్లికోడి రెక్కలు విప్పి పిల్లలను బొదువుకొనును. పిల్లకాయలు రాళ్లకై నేలకు వంగుదురు. ఇంటి యిల్లాలు చేతిలోని చాట నవతల బాఱవైచి గంప బోర్లించుటకు బరుగెత్తును. తల పైకెత్తి, ఆ వచ్చిన పక్షి యేదియో నిదానించి చూచువాడు మాత్రము ఒక్కడును గనబడడు.

మన వాడుకలో గద్ద యన్నది ఒక్క పక్షి పేరు గాదు. వంకరముక్కును వాడిగోళ్లును గలిగి మింట దిరుగు ప్రతిదానికిని మనము పెట్టిన యుమ్మడి పేరది. చిత్తూరు సీమ పొలముల మీదను గుట్టల మీదను ఇట్టి పక్షులు పదికి మించిన జాతులు, కొన్ని ఏడాది పొడుగునను, కొన్ని చలికాలమున మాత్రమును, కనబడుచుండును. వానిలో కోడిపిల్లలను దన్నుకొనిపోవు నలవాటు గలవి రెండు మూడు మాత్రమే. తక్కినవి ఎలుకలను, పాములను, మిడుతలను, తొండలను దిని బ్రతుకునవి. ఒకటి చేసిన దొంగతనమునకు మఱియొకటి రాతిదెబ్బ తినుచున్నది. ఆ దెబ్బవలని నష్టము పక్షితో దీరక చేనుగల రైతునకును దగులుచున్నది. ఈ సంగతి కాణిపాకమున మాకు గన్నులార గనబడినందున నీ వ్యాసము వ్రాయ బూనితిమి.

కాణిపాకము చిత్తూరునకు సుమారు 12 కిలోమీటర్ల దూరమున, ఐరాల మండలమున, బాహుదానది యొడ్డున నున్నదని మన సభ్యులకు జెప్ప బనిలేదు. క్షేత్రములలో రైతు కొలతను పేరుగా ధరించిన క్షేత్రమిది. గ్రుడ్డివాడును, చెవిటివాడును, మూగవాడును నగు మువ్వురు సోదరులు తమ మడికి నీరు చాలక బావి త్రవ్వుచుండగా స్వామి వెలసెననియు, భక్తులు కొట్టిన కొబ్బరికాయల నీరు కాణి నేల పాఱినందున కాణిపారక మను పేరు వచ్చి, అదియే కాణిపాకమైనదనియు స్థలపురాణము. కాణి యనగా ఎకరముపై పాతిక. ఇచ్చటి బ్రహ్మోత్సవములలో వరసిద్ధి వినాయకస్వామి మూషికవాహనముపై నూరేగును. ఆ మూషికము స్వామి పాదములకడ నుండుటయే యెల్లరకును శ్రేయము. దాని బంధువర్గము చెఱకుతోటలో జేరినచో రైతు పడు పాట్లు చెప్పనలవి గావు.

మార్గశిరమాసమున నొక ప్రాతఃకాలము స్వామి దర్శనము చేసికొని, బాహుద యొడ్డునగల మన సభ్యుడొకని పొలమునకు బోయితిమి. వరి కోసిన కయ్యలు ఒకవైపు, గానుగకు సిద్ధముగానున్న చెఱకుతోట మఱియొకవైపు. నడుమ గెనిమ మీద నొక యవ్వయు, పదునాలుగేండ్ల యామె మనుమడును నిలిచియుండిరి. బాలుని చేత ఒడిసెల. కయ్యలపై ముప్పదియడుగుల యెత్తున దెల్లని పక్షి యొకటి, త్రాడుగట్టి వ్రేలాడదీసినట్లు, ఉన్నచోటనే రెక్కలల్లార్చుచు నిలిచియున్నది. ముందటి వారము అవ్వ కోడిపిల్లలు నాలుగు పోయినవట. "ఆ తెల్లదాన్ని కొట్రా" యని యామె మనుమని బురికొల్పుచున్నది.

మేము బాలుని చేయి బట్టుకొని యాపితిమి. "గద్దంటే గద్దే గదా నాయనా, దాంట్లో మంచిదేంది, చెడ్డదేంది?" అని అవ్వ మమ్ము గద్దించెను. మేము బదులు చెప్పక గెనిమ మీద గూర్చుండి చూడుమంటిమి. పక్షి రెక్కలు రెండును మీదికెత్తి, కాళ్లు క్రిందికి జాచి, మెట్లు దిగినట్లు కొంచెము కొంచెముగా దిగి, తటాలున మోడుల నడుమ బడెను. మరల లేచినప్పుడు కాళ్లనుండి వ్రేలాడుచున్న యెలుకతోకను మొదట జూచినవాడు మనుమడే. పక్షి పోయి కరెంటుతీగ మీద వాలి తన పనిలో బడెను. అవ్వ యేమియు ననలేదు.

ఆ పక్షియే అడవిరామదాసు.

ఈ పేరు మేము కల్పించినది కాదు. నెల్లూరున సర్కారు వైద్యుడుగా బనిచేసిన జెర్డను దొర 1862 మొదలు 1864 వఱకు బ్రకటించిన భారతదేశపు పక్షుల గ్రంథమున, అనేక పక్షులకు దెలుగు పేర్లను గూడ వ్రాసిపెట్టెను. అడవిరామదాసు, పాములగద్ద, తేనెగద్ద, పిల్లిగద్ద, జాలెడేగ, కుందేలిసాలువ మొదలగునవన్నియు నం దున్నవి. ఇవి పండితులు కూర్చిన పేర్లు గావు. పొలములలోను అడవులలోను దిరిగి, ఏ పక్షి యేమి తినునో, ఎట్లు వేటాడునో యెఱిగిన మనవారి నోటి పేర్లు. నూటయేబదియేండ్ల క్రింద మన తాతలు ఒక్కొక్కదాని నొక్కొక్క పేర బిలువగలిగిరి. మనము అన్నింటిని గలిపి గద్ద యనుచున్నాము. చూపు మందగించినదో, తీఱిక తగ్గినదో చెప్పజాలము.

ఎగురు పక్షిని గుర్తించుటలో రంగును నమ్ముకొన్నవాడు మోసపోవును. వెలుగుతో నిండిన యాకాశమునకు ఎదురుగా జూచినప్పుడు ఏ పక్షియైనను నల్లగనే కనబడును. మఱియు పిల్లపక్షి రంగు వేఱు, పెద్దపక్షి రంగు వేఱు. కొన్నింట ఆడుదాని రంగు వేఱు, మగదాని రంగు వేఱు. దూరమున వచ్చు మనిషిని మొగము తెలియకమునుపే నడకను బట్టి పోల్చుకొందుము గదా. పక్షికిని అదియే మార్గము. మొదట తోక చూడవలెను, పిమ్మట రెక్క కొనలు చూడవలెను, తేలునప్పుడు రెక్కలను సమముగా బట్టునో పైకెత్తి పట్టునో చూడవలెను, అది చేయుచున్న పని యేమో చూడవలెను. రంగు కడపటి సాక్షి.

ఊళ్లపైన నెక్కువగా దిరుగు మామూలు గద్దనే ముందుగా దీసికొందము. దీని గుఱుతు తోకలోనున్నది. తోక కొన చేపతోకవలె నడుమ జీలి యుండును. తోకను పూర్తిగా విసనకఱ్ఱవలె విప్పినప్పుడు ఆ చీలిక సమసిపోయి తిన్నగా గనబడవచ్చును గనుక, ఒక్క క్షణము చూచి తీర్పు చెప్పరాదు. తోకను ఇటునటు మెలిత్రిప్పుచు, పడవవాడు చుక్కానిని ద్రిప్పినట్లు, దాని సాయముననే వంకలు దిరుగును. ఒడలంతయు గోధుమవన్నె. పొడుగు రెండడుగులు, రెక్కలు చాచినచో ఈ కొననుండి యా కొనకు సుమారైదడుగులు. ఇది వేటకంటె నేఱుకొని తినుటయం దాసక్తి గలది. చచ్చిన యెలుక, చేపల పొట్టు, మాంసపు టంగడి చెత్త, ఏదైనను సరియే. గంప వెలుపలికి వచ్చిన కోడిపిల్లయు దానికి నేఱుకొనదగినదే. ఆ దినమున మేము గెనిమ దిగకమునుపే యూరివైపునుండి యిట్టి చీలికతోకది యొకటి వచ్చి అవ్వ యింటిపై మూడుమాఱులు చుట్టెను. తల్లికోడి కేకవేసెను. "అదా!" అని అవ్వ ముక్కుపై వ్రేలు వేసికొనెను.

దీనికి దగ్గఱిచుట్టము గరుడపక్షి. చెఱువుల యొద్దను నీటి మడుల యొద్దను దిరుగును. తలయు ఱొమ్మును తెలుపు, తక్కిన యొడలు కావిరంగు. కృష్ణా కృష్ణా యని చెంపలు వేసికొని దర్శనము చేయువారు మనలో ననేకులు గలరు గావున దీనిని మన మెవ్వరమును గొట్టము. కాని దీని పిల్లకు ఈ కావిరంగు రాదు. అది మామూలు గద్దవలె గోధుమవన్నెతో నుండును. దానిని మాత్రము తఱచుగా గొట్టుచున్నాము! గుఱుతు తోకయే. గరుడపక్షి తోక కొన గుండ్రముగా నుండును, చీలదు. అది చేపలను, పీతలను, కప్పలను, చచ్చినవానిని దినును. అప్పుడప్పుడు కోడిపిల్లను గూడ దీసికొనిపోదని ప్రమాణము చేయజాలము.

ఇక అసలు దొంగ డేగ. జెర్డను దీనిని జాలెడేగ యనెను. పావురమంత పక్షి. రెక్కలు పొట్టి, కొనలు గుండ్రము. తోక పొడుగు, దానిమీద అడ్డుచారలు. దీని నడక గుఱుతు పట్టినవాడు మఱి మఱువడు. నాలుగైదు మాఱులు చకచక రెక్కలాడించి, కొంతదూరము రెక్కలాడింపక జారి, మరల నాలుగైదు మాఱులాడించును. మింట నిలువదు, ఊరక చుట్టుచు బ్రొద్దు పుచ్చదు. చింతచెట్టు గుబురులో నక్కి యుండి, నేలకు దగ్గఱగా, ఇంటి గోడ చాటునుండి బాణమువలె వచ్చిపోవును. మనము "గద్ద" యని యఱచులోపల పని యైపోయి యుండును. అందువలననే ఇది చేసిన నేరము మింట దీఱికగా దిరుగుచున్న మఱియొక పక్షిపై బడుచున్నది. న్యాయస్థానములలో గూడ ఇట్టివి జరుగుచుండునని వినికిడి. డేగయైనను కోడిపిల్లలతోనే బ్రతుకుచున్నదనుకొనరాదు. తొండలు, ఎలుకపిల్లలు, మిడుతలు, చిన్నపిట్టలు దాని నిత్యాహారము. డేగను బోలిన చారలతోకతో నొక కోకిలజాతి పక్షియు నున్నది. దానిని జూచి చిన్నపిట్టలే డేగ యని బెదరి గోలపెట్టును. మనుష్యుడు మోసపోవుటలో వింతలేదు.

చేనుగల రైతు ముఖ్యముగా దెలిసికొనవలసినవి ఉన్నచోటనే రెక్కలల్లార్చుచు మింట నిలుచునవి. ఇవి మన సీమలో మూడు. మూడును రైతునకు బనికివచ్చునవే. రెక్కలాడించుచు మింట నిలిచినది కనబడినచో ఒడిసెల క్రింద బెట్టవచ్చునని మేము ధైర్యముగా జెప్పుదుము.

మొదటిది పైన జెప్పిన అడవిరామదాసు. కాకికంటె జిన్నది. క్రిందివైపు తెలుపు, పైవైపు బూడిదవన్నె, భుజములయందు నల్లని మచ్చలు. తోక పొట్టి, తెల్లన. దగ్గఱనుండి చూచినచో కన్నులు ఎఱ్ఱగ నిప్పుకణికలవలె నుండును. తేలునప్పుడు రెక్కలు పైకెత్తిపట్టును. తీగమీద గూర్చున్నప్పుడు తోకను మాటిమాటికి నెగురవేయు నలవాటు గలది. ప్రొద్దుపొడుపునను సందెవేళను దీని వేట ముమ్మరముగా నుండును. ఎలుకలు హెచ్చినచోటికి ఈ పక్షులు వచ్చి చేరును, తగ్గినచోటు విడిచిపోవును. కావున మీ చేనిపై ఇది దినదినమును దిరుగుచున్నదన్న చేనిలో ఎలుకలున్నవని పైసా ఖర్చులేని వర్తమానము వచ్చినదనుకొనుడు.

రెండవది తొండలగద్ద. ఇది చలికాలపు చుట్టము. ఇంచుమించు అడవిరామదాసంతయే యుండును గాని, దీని తోక మిక్కిలి పొడుగు, రెక్కలు కొడవలివలె సన్ననై కొనదేలి యుండును. వీపు ఇటుకవన్నె. మింట నిలిచినప్పుడు తోకను విసనకఱ్ఱగా విప్పును. ఆ తోక చివర నల్లని పట్టె యొకటి యుండును. తెల్లని పొట్టితోక యైనచో రామదాసు, పట్టె గల పొడుగుతోక యైనచో తొండలగద్ద. ఇందు పొరబడుట కెడములేదు. మిడుతలు, తొండలు, చిట్టెలుకలు దీని యాహారము.

మూడవది పాములగద్ద. ఇది పెద్ద పక్షి. రెక్కలు చాచినచో ఐదున్నర, ఆరడుగులుండును. అంత పెద్ద పక్షి రెక్కలాడించుచు గాళ్లు వ్రేలవైచి గాలిలో నిలుచుట చూచుటకే వింత. క్రిందినుండి చూడ నొడలెల్ల తెల్లగ, తలయు మెడయు మాత్రము ముసుగు వేసినట్లు గోధుమవన్నెతో నుండును. తల గుడ్లగూబ తలవలె బెద్దది. పామును బట్టి మ్రింగుచు, తోక ముక్కునుండి వ్రేలాడుచుండగా నెగిరిపోవుట పలువురు చూచినదే. పామును దినుట రైతునకు మేలా యని యొక సభ్యుడు మమ్ము నడిగెను. పామును ఎలుకలను దినునది గదా యని యాయన వాదము. వాదము సరియైనదే. ప్రకృతి జమాఖర్చులో నొక పద్దును విడదీసి లాభమో నష్టమో తేల్చుట మన సంఘపు లెక్కలు వ్రాయుటకంటె గష్టము. అయినను చీకటిలో గెనిమ మీద నీళ్లు మళ్లించువాడు మాత్రము పాములగద్ద పక్షముననే యుండును.

కార్తికమాసము మొదలు ఫాల్గునము దాక మెట్టచేల మీద మఱియొక తెగ కనబడును. ఇవి పిల్లిగద్దలు. మధ్య ఆసియా గడ్డిమైదానములనుండి వేలమైళ్లు ప్రయాణము చేసి వచ్చునవి. నేలకు నాలుగైదడుగుల యెత్తున, రెక్కలను కొంచెము పైకెత్తిపట్టి, చేను సాళ్లవెంబడి మెల్లగ నిటునటు తూగుచు బోవును. తల వంచి క్రిందనే చూచుచుండును. ఒక్కసారి గిఱ్ఱున వెనుకకు దిరిగి గడ్డిలో బడును. పిల్లి పొంచి దుముకునట్లే యుండును గావున ఆ పేరు తగియున్నది. మగది బూడిదవన్నె, రెక్క కొనలు నలుపు. ఆడుది గోధుమవన్నె, తోక మొదట తెల్లని మచ్చ. రాత్రులయందు చెట్టెక్కవు, గడ్డినేలపై గుంపులుగ బండుకొనును. కర్నూలు సీమలోని రోళ్లపాడు గడ్డిమైదానము వీని విడిదిగా బ్రసిద్ధికెక్కినది. బట్టమేకపిట్ట కొఱకు 1988లో నా చోటు సంరక్షణకేంద్ర మయ్యెను. పిల్లిగద్దలకును నీడ దొరికెను. మిడుతలు వీని కిష్టమైన భోజనము. వేరుసెనగ చేనిమీద పిల్లిగద్ద తూగుచు బోవుటకంటె జవుకైన కాపు మఱియొకటి లేదు.

కొండలవైపు కనబడువానిని గూర్చి రెండు మాటలతో సరిపుచ్చెదము. రెక్కల క్రింద వెడల్పైన తెల్లనిపట్టె మెఱయుచు, ఈలవేసినట్లు దూరమునకు వినబడ గూయునది నల్లపాములగద్ద. సన్నని మెడ, పావురపుదలవంటి చిన్నతల, వెడల్పు రెక్కలు గలది తేనెగద్ద. తేనెపట్టులను, కందిరీగల గూళ్లను దోచుకొని పురుగుపిల్లలను దినును. గుట్టలపై జంటగా దిరుగునది కుందేలిసాలువ. ఒడలు తెలుపు, రెక్కల క్రిందిభాగము నలుపు, కుందేళ్లను గౌజులను బట్టునది. సాళువ యనునది మన సీమవారికి జరిత్రలోను దెలిసిన మాటయే. చంద్రగిరి నేలి, 1485లో విజయనగర సింహాసన మెక్కిన సాళువ నరసింహరాయల వంశనామ మీ వేటపక్షి పేరే. రాజులు బిరుదుగా దాల్చిన పేరు గల పక్షిని మనము కేకలు వేసి తఱుముచున్నాము.

ఇట్టి పక్షులను జూడ నభ్యాసము చేయగోరు వారికి మదనపల్లె చేరువనున్న ఋషివ్యాలీ దగ్గఱిచోటు. బీడుకొండలను పచ్చబఱచిన యా లోయ 1991లో పక్షుల సంరక్షణ ప్రదేశముగా బ్రకటింపబడెను. అయితే అంతదూరము పోనక్కఱలేదు. ప్రొద్దెక్కి తొమ్మిది, పది గంటలైనప్పుడు మీ చేనిగట్టుమీదనే నిలిచి చూడుడు. ఎండకు నేల వేడెక్కి, దానినంటిన గాలి తేలికయై పొగవలె మీదికి లేచును. పెద్దఱెక్కల పక్షులు ఆ గాలిగుంజను బట్టుకొని, రెక్కలాడింపకయే చుట్టుచు జుట్టుచు నెక్కిపోవును. అందువలననే గుట్టల దగ్గఱను, నల్లఱాతి పఱపుల మీదను ఇవి యెక్కువగా గనబడును.

ఆ విధముగా నెక్కుటలో మేటి రాబందు. పెద్దవారికి దీనిని గుర్తింప నేర్పవలసిన పనిలేదు; పిన్నవారికి జూపుటకు బక్షి దొరకదు. పలకవలె వెడల్పైన రెక్కలు, కొనలయందు వ్రేళ్లు విప్పినట్లు విడివిడి యీకలు, పొట్టితోక, లోపలికి ముడుచుకొన్న మెడ, రెక్కల విరివి ఆరేడడుగులు: ఇవి గుఱుతులు. వీపుతెల్ల రాబందునకు క్రిందినుండి చూడ ఒడలు నలుపు, రెక్క ముందుభాగము తెలుపు. ఒకప్పుడు పశువు చచ్చిన వార్త మనకంటె ముందు వానికి దెలిసెడిది. 1992 మొదలు 2007 వఱకు, పదునైదేండ్లలో, మనదేశమున ఈ వీపుతెల్ల రాబందులు నూటికి 99 పాళ్లకుపైగా నశించినవని లెక్కలలో దేలినది. కారణము తుపాకియు గాదు, తెగులును గాదు. పశువుల నొప్పులకును జ్వరమునకును మనము వేయించిన డైక్లోఫినాక్ సూదిమందు. ఆ మందు పడిన పశువు చచ్చినప్పుడు దాని మాంసము తిన్న రాబందునకు మూత్రపిండములు చెడి ప్రాణము పోయెను. పాకిస్తానమున బరిశోధించినవారు 2004లో ఈ సంగతిని వెల్లడించిరి. 2006లో మన ప్రభుత్వము పశువులకు ఆ మందును నిషేధించెను. మనుష్యులకై తయారగు పెద్దసీసాలను పశువులకు వాడుచున్నారని 2015లో సీసా 3 మిల్లీలీటర్లకు మించరాదని కట్టడి చేసెను. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫినాక్ అను మఱి రెండింటిని గూడ పశువైద్యమునుండి తొలగించెను. మెలాక్సికామ్ అను మందు రాబందులకు హాని చేయదు. పాడిపశువులుగల సభ్యులు పశువైద్యుని ఆ మందే యడిగి వేయించుట మంచిది. 2013లో తెలంగాణమున బెజ్జూరు అడవులలో పాలరాపు గుట్టమీద రాబందుల గూళ్లు గనబడినవి. వంశము పూర్తిగా నంతరింపలేదన్న మాట. మన గుట్టలపై నొక్కటియైన గనబడినచో అటవీశాఖవారికి దెలియజేయుడు.

రాబందునకు బట్టిన గతియే చేలమీది చిన్న గద్దలకు బట్టుట కొక మార్గము నేడు మన చేతులయందే యున్నది. అది యెలుకలమందు. బ్రోమడియోలోను తిన్న యెలుక వెంటనే చావదు. కొన్నిదినములు నీరసించి, పట్టపగలు బయట దడబడుచు దిరుగును. రామదాసునకు అంత సులభమైన వేట మఱి దొరకదు. ఎలుక కాలేయమున నిలిచిన విషము పక్షికి జేరును. మందు పెట్టక తప్పనప్పుడు పొట్లముగట్టి కన్నములోపలనే పెట్టి, మట్టితో మూయవలెను. చచ్చిన యెలుకల నేఱి పూడ్చివేయవలెను. కన్నములకు బొగపట్టుట, బుట్టలు పెట్టుట అంతకంటె మేలు. చేనిలో ఆరేడడుగుల కొయ్యలకు అడ్డకఱ్ఱ బిగించి టి అక్షరమువలె నాటినయెడల పగలు రామదాసును, రాత్రి గుడ్లగూబయు వానిపై వాలి కాపుకాయును. గింజ పాలుపోసికొను వేళకు వానిని దీసివేయుట మఱువరాదు. లేకున్న పిచ్చుకలకును చిలుకలకును పీటలు వేసినట్లగును.

అవ్వ కోడిపిల్లల మాట మిగిలినది. నాలుగు పిల్లలన్న నామెకు దక్కువ సొత్తు గాదు. ఎలుకలను దినునని చెప్పి గద్దల నన్నింటిని దండము పెట్టి వదలుమనుట న్యాయమును గాదు. మేము జూచినంతలో ఆమె యింటి వెనుక సందులోనే యొక మాంసపుటంగడి చెత్త పోయుచున్నారు. చీలికతోక గద్దలు అయిదాఱు దానికొఱకే దినదినమును వచ్చుచున్నవి. విందునకు బిలిచి, వచ్చినవాడు తాంబూలము గూడ దీసికొనిపోయినాడని యేడ్చినట్లున్నది. చెత్తను గుంటలో బూడ్చినచో గద్దల రాక సగము తగ్గును. పిల్లలు పావురమంత యెదుగువఱకు, ప్రొద్దెక్కినది మొదలు గంపక్రిందనో, పాతవల కప్పిన దొడ్డిలోనో యుంచవలెను. దొడ్డిలో గుబురుపొద యొకటి యున్నను తల్లికోడికి గోటవంటిది. పక్షిని గొట్టుట మాత్రము కూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అది శిక్షకు దగిన నేరమని మన సభ్యులు గుర్తుంచుకొనవలెను.

అవ్వకు మేమీ సంగతులు చెప్పుచున్నంతసేపును మనుమడు తీగమీది పక్షినే చూచుచుండెను. ఇటీవల మరల అటువైపు పోయినప్పుడు వాని మాట యడిగితిమి. ఒడిసెల దూలమున దోపి, ప్రతిదినమును బడికి బోవుటకు ముందు గెనిమ చుట్టి వచ్చుచున్నాడట. ఆ యుదయముననే వచ్చి అవ్వతో జెప్పినాడట: "రామదాసు వచ్చిండాడు. తొండలది ఇంకా రాలేదు."